మూత పెట్టని కుండ

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, ఫార్మసీ విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ చెప్పిన మంచి మాటలను పక్కనపెట్టి, నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

పరిశోధనలో చేరిన కొత్తలో, నన్నారి (సుగంధిపాల) వేర్లలో సువాసన పదార్థం ఎంత ఉందో తేల్చమని నాకు అప్పగించారు. తేమ శాతం కోసం కొద్దిపాటి నమూనాను ఆరబెట్టే 105 డిగ్రీల ఓవెన్‌లో నేను వేర్లన్నింటినీ రాత్రంతా ఉంచి, మర్నాడు పొడి కొట్టి, ఆల్కహాల్‌లో నానబెట్టి చూస్తే అందులో దాదాపు ఏమీ దిగలేదు. ద్రావణిని మార్చాను, నానబెట్టే గంటలు పెంచాను, ఫలితం మారలేదు. చివరికి గది ఊడ్వడానికి వచ్చిన అటెండరు గుమ్మంలోనే ఆగి, "వాసనంతా గదిలోనే ఉంది సార్, ఇక సీసాలో ఏముంటుంది?" అన్నాడు.

ఆ వాసనకు మూలం 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. ఇది వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌కు సాదృశ్యకం (ఐసోమర్), అంటే రెండింటి ఫార్ములా ఒకటే, అమరికే వేరు. అయితే ఇందులో హైడ్రాక్సిల్ సమూహం ఆల్డిహైడ్ పక్కనే ఉండి, తన అణువులోనే హైడ్రోజన్ బంధం ఏర్పరచుకుంటుంది, పక్క అణువులను గట్టిగా పట్టుకోదు కనుక, నీటి ఆవిరితో కలిసి సులువుగా లేచిపోతుంది. నీటిలో కరిగేది తక్కువ, ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది. రాయలసీమలో షర్బత్ కోసం వేర్లను మూత లేని కుండలో మరిగిస్తుంటే వీధి వీధంతా ఘుమఘుమలాడుతుంది, మనం మురిసిపోతాం. ఆ ఘుమఘుమ మనకు దక్కకుండా పోతున్న సరుకేనని ఎవరికీ తోచదు.

మీ పరిశోధన పత్రాల్లో ఉష్ణోగ్రత, సమయం, ద్రావణి పాళ్లు అనే మూడు అంశాలను, తక్కువ ప్రయోగాలతో సరిపెట్టే బాక్స్-బెంకెన్ అనే గణాంక పద్ధతిలో మార్చి చూస్తున్నారు. మూడేసి స్థాయిలకు 27 ప్రయోగాలు చేయవలసిన చోట సుమారు 15తో పని జరుగుతుంది, సంతోషం. కానీ ఆ పట్టికలో వేరును ఎలా ఆరబెట్టారన్న గడి ఏది? నడుమనున్న కట్టెలాంటి ఈనెను తీసేశారా, మిక్సీ వేడెక్కేలా మెత్తగా కొట్టారా, చల్లార్చుకుంటూ కొట్టారా అన్నది ఎక్కడ రాశారు? ముందే ఎగిరిపోయినదాన్ని ఏ సమీకరణమూ వెనక్కి తేలేదు.

ఇది లెక్కల పట్టింపు మాత్రమే కాదు. అంగడిలో సుగంధిపాల పేరుతో అమ్మే లావాటి గడ్డ చాలాసార్లు నన్నారి కాదు, అదే వాసననిచ్చే వేరొక తీగ వేరైన మారెడు గడ్డే అయి ఉంటుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో అది అంతరించే ప్రమాదంలో ఉన్న తీగ. శేషాచలం, నల్లమల కొండల్లో ఆ గడ్డను తవ్వితే చాలాచోట్ల తీగే పోతుంది. సగం వాసనను గాలికి వదిలే ప్రయోగశాల, ఒక తీగతో సరిపోయే పనికి రెండు తీగలు తవ్విస్తున్నట్టే. అయ్యా, వేరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా పట్టికలో రాయండి!

ఈ బల్ల మీద రెండు సీసాలున్నాయి. ఒకే గడ్డ, ఒకే తూకం, ఒకే ఆల్కహాల్. ఒకదానికోసం వేరును నీడన ఆరబెట్టాను, రెండోదానికోసం ఓవెన్‌లో పెట్టాను. ఏది ఏదో మూత మీద రాయలేదు. ముందు వరుసలో ఉన్న అమ్మాయిలిద్దరూ వచ్చి, వాసన చూసి చెప్పండి.