గుడ్ల అట్ట, కరివేపాకు పురుగు: పిల్లల బొమ్మలపై ఫోన్-ఇన్

యాంకర్: తెనాలి నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: నమస్తే అండీ. మా బాబు ఎల్‌కేజీ. పనికిరాని సామానుతో ప్రకృతి బొమ్మ ఏదైనా చేసి తెమ్మన్నారు స్కూల్లో. వాడేమో పది నిమిషాలు కుదురుగా కూర్చోడు. చివరికి రాత్రి నేనే కూర్చుని చేయాల్సొస్తోంది. థర్మకోల్‌కీ, మెరుపు కాగితాలకీ ఖర్చు వేరే.

టీచర్: కొత్త థర్మకోల్ కొన్నాక ఇంక పాత సామాను బొమ్మ ఎక్కడిది లెండి! మీ ఇంట్లో కరివేపాకు మొక్క ఉందా?

కాలర్: కుండీలో ఉందండీ. ఆకులన్నీ పురుగు తినేస్తోంది.

టీచర్: మందు కొట్టకండి. అది చాలావరకు సీతాకోకచిలుక పురుగే అయ్యుంటుంది. ముందు బాబుకి దాన్ని చూపించండి. చిన్నగా ఉన్నప్పుడు నలుపూ తెలుపూ కలిసి అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పిట్టలు తినకుండా. ఆ మాట చెబితే పిల్లలు పడీ పడీ నవ్వుతారు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ఇప్పుడు గుడ్ల అట్ట తీసుకోండి. సొన అంటని, శుభ్రంగా ఉన్న వరస ఒకటి మీరు కత్తిరించి ఇవ్వండి. బోర్లిస్తే పురుగు ఒళ్లు తయారు. రంగు వాడే వేస్తాడు. మధ్యలో లేచిపోతే పోనివ్వండి, మిగతాది రేపు.

కాలర్: మరి సీతాకోకచిలుక?

టీచర్: రెక్కలకి పాత శుభలేఖలు చాలు. పురుగుకీ సీతాకోకచిలుకకీ మధ్య దశ, అంటే ప్యూపాని మాత్రం వదిలేయకండి. కాగితం ఉండ చేసి, ఎండు పుల్లకి ఆనించి, నడుము చుట్టూ దారం కట్టించండి. నిజం ప్యూపా కూడా అలాగే నడుముకి పట్టుదారం చుట్టుకుని కొమ్మకి అతుక్కుంటుంది.

కాలర్: జిగురు కొననా?

టీచర్: చెంచా మైదా అరగ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, చిక్కబడేదాకా ఉడికించండి. బైండింగ్ వాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. మీరు కలపొద్దు, అది విషం.

యాంకర్: థాంక్యూ అమ్మా. జగిత్యాల నుంచి ఇంకొకరు.

కాలర్: నమస్తే అమ్మా. మనవరాలికి రెండున్నరేండ్లు. కొబ్బరి పీచుతో పిట్ట చేసినం. కండ్లకు గురివింద గింజలు పెడ్దామని ఏరుకొచ్చిన.

టీచర్: వద్దండీ, అస్సలు వద్దు! ఎర్రగా ముద్దుగా ఉంటాయి కానీ నమిలితే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఉన్నవన్నీ ఇప్పుడే తీసేయండి. పొరపాటున పాప నోట్లో పెట్టుకుందన్న అనుమానమున్నా, ఏమీ కాలేదు కదా అని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాలర్: అయ్యో, చిన్నప్పుడు మేం ఆడుకునేటోళ్లం గదా... మరి చింతగింజలు?

టీచర్: విషం కాదు, కానీ ఆ వయసుకి గొంతులో అడ్డం పడతాయి, ముక్కులో పెట్టుకుంటారు. గుండీలు కూడా అంతే. పిట్టకి కాటుకతో కళ్లు దిద్దండి.

కాలర్: మంచిదమ్మా. తాటి ముంజలు తిన్నంక ఆ కాయలతోని బండి చేసియ్యొచ్చా?

టీచర్: భేషుగ్గా! రెండు కాయలూ పుల్లతో కలిపేది మీరే. తోసే పంగల కర్ర పాప ఎత్తుకి తగ్గట్టు కోసి, మొనలకి గుడ్డ చుట్టండి. రోడ్డు మీదికి మాత్రం వదలకండి.