సీజన్ అయిపోయిందని ఎవరో ఒకరు చెప్పాలి

అందరికీ నమస్కారం. సీజన్ మొదలయ్యే ముందు తల్లిదండ్రులతో కాసేపు మాట్లాడమని నన్ను అడిగారు. నేను కోచ్‌ని కాను, డాక్టర్‌ని కాను. ముగ్గురు పిల్లల తల్లిని. పెద్దమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడుతుంది, రెండోవాడు ఫుట్‌బాల్ ఆడతాడు, చిన్నది ఏ ఆటా ఆడదు. ఆ చివరి మాట ఇంత మామూలుగా చెప్పగలగడానికి మాకు చాలా కాలం పట్టింది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇక్కడ కూర్చున్నవాళ్లకి మా ఇంట్లో శనివారం ఎలా ఉంటుందో వివరించక్కర్లేదు. తెల్లారకముందే లేవడం, రాత్రి ఉతికిన జెర్సీ ఇంకా తడిగానే ఉండటం, షిన్ గార్డు ఒకటి దొరికి రెండోదాని కోసం ఇల్లంతా వెతికితే అది కారు సీటు కింద ఉండటం, మా ఆయన ఒకళ్లని తీసుకుని ఒక వైపు, నేను మిగతా ఇద్దరితో ఇంకో వైపు. మధ్యాహ్నం ఎక్కడో పార్కింగ్‌లో కలిసి పిల్లల్ని ఒక కారులోంచి ఇంకో కారులోకి మార్చుకుంటాం. ఇదంతా కష్టమని చెప్పుకోవడానికి రాలేదు నేను. నాకిది ఇష్టం. మా పెద్దమ్మాయి రెండు నెలలు అదే పనిగా సాధన చేసి, మ్యాచ్‌లో మొదటిసారి ఎడమ చేత్తో లేఅప్, అంటే రింగ్ దాకా పరుగెత్తి దగ్గర్నుంచి వేసే షాట్, వేసింది. బంతి రింగ్‌లో పడ్డాక గ్యాలరీ వైపు చూడను కూడా చూడలేదు, అలాగే వెనక్కి పరుగెత్తి డిఫెన్స్‌లో నిలబడింది. దాని కోసం ఇంకో వంద శనివారాలు చీకట్లో లేవమన్నా లేస్తాను.

కానీ ఒక విషయంలో మేం చాలా కాలం తప్పు చేశాం. ఆట వల్ల ఇంట్లో ఏ ఇబ్బంది వచ్చినా, దానికి మందు కూడా ఆటే అనుకున్నాం. ఇంకో క్లాసు, ఇంకో క్యాంపు, ఇంకో కోచ్. తీసెయ్యాల్సిన చోట కలుపుకుంటూ పోయాం.

మొదట మోకాలి సంగతి. పెద్దమ్మాయికి అప్పుడు 12 ఏళ్లు. స్కూల్ టీమ్ సీజన్ అవగానే క్లబ్ సీజన్, అది అవగానే టోర్నమెంట్లు, సెలవులు రాగానే క్యాంపు. ఒక సీజన్ ఎక్కడ అయిపోయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో చెప్పలేని పరిస్థితి. మోకాలి చిప్ప కింద నొప్పి అనేది. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకునేది, కింద మోకాళ్ల మీద కూర్చోలేకపోయేది. ఆటలు ఆడే పిల్లలకి ఇది మామూలే, అలవాటైపోతుందని ఎవరో అన్నారు, మేమూ నమ్మేశాం. కండరాలు బలపడాలని వారానికి రెండు రోజులు పొద్దున్నే ఇంకో క్లాసులో చేర్పించాం. అంటే నొప్పిగా ఉన్న మోకాలికి ఇంకో రెండు గంటల పని పెట్టాం.

చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్తే, చిప్ప కింద ఎముక మీద చిన్న బుడిపెలాంటి చోట వేలితో నొక్కారు, పిల్ల ఒక్కసారి ఉలిక్కిపడింది. దీన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారట. 1903లో ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారే దీని గురించి రాశారు కాబట్టి ఇద్దరి పేర్లూ పెట్టారు. ఎదిగే పిల్లల ఎముకల చివర్ల దగ్గర గ్రోత్ ప్లేట్లు ఉంటాయి, అవి ఇంకా గట్టి ఎముక కాలేదు, మృదులాస్థి. తొడ ముందు కండరం లాగే బలమంతా చిప్ప మీదుగా ఒక స్నాయువు ద్వారా వచ్చి సరిగ్గా అలాంటి మెత్తటి చోటే ఎముకని పట్టుకుంటుంది. పిల్లలు ఒక్కసారిగా పొడుగు సాగే వయసులో, గెంతే ఆటలూ పరుగు ఆటలూ ఎక్కువైతే, ఆ చోటు రోజూ లాగి లాగి వాస్తుంది. ఎదుగుదల పూర్తయ్యాక చాలామందికి దానంతట అదే పోతుంది, కానీ అప్పటిదాకా భారం తగ్గించాలి.

డాక్టర్ అడిగిన ప్రశ్న ఒకటే. "మీ అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడని నెల ఏది?" నేనూ మా ఆయనా ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. అలాంటి నెల లేదు.

ఆ తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో ఇచ్చిన నివేదికలో దీని గురించి స్పష్టంగా రాశారు: ఒకే ఆట ఆడే పిల్లలకి ఏడాదిలో మొత్తం మూడు నెలలు ఆ ఆటకి సెలవు ఉండాలి, ఒకేసారి కుదరకపోతే నెల చొప్పున విడివిడిగా అయినా సరే. ఆ నెలల్లో వేరే విధంగా కదలొచ్చు, ఈత కొట్టొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. ఆడే రోజుల్లో కూడా వారానికి కనీసం ఒకటి రెండు రోజులు విశ్రాంతి. 2015లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, 7 నుంచి 18 ఏళ్ల మధ్య వెయ్యిమందికి పైగా పిల్లల్ని చూశారు. వారానికి తమ వయసు కంటే ఎక్కువ గంటలు శిక్షణలో ఉన్న పిల్లలకి, అంటే 12 ఏళ్ల పిల్ల 12 గంటలు దాటితే, ఒంట్లో ఒకే చోటుని మళ్లీ మళ్లీ అతిగా వాడటం వల్ల వచ్చే తీవ్రమైన గాయాలు ఎక్కువగా కనిపించాయి. కోచ్ పెట్టే ఆట, పిల్లలు వాళ్లంతట వాళ్లు ఆడుకునే ఆటకి రెండింతలు దాటినవాళ్లలో కూడా అంతే.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద కాగితం పెట్టుకుని లెక్క వేశాను. మా 12 ఏళ్ల పిల్ల వారానికి 16 గంటలు. తనంతట తాను ఆడుకున్న గంటలు సున్నా. ఆ సున్నా చూసి నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను, ఎందుకంటే ఈ పిల్లకి బాస్కెట్‌బాల్ మీద ఇష్టం కలిగిందే ఎవరూ చెప్పకుండా సాయంత్రాలు ఒక్కతే గోడకేసి బంతి కొట్టుకుంటూ ఉన్నప్పుడు. ఆ సాయంత్రాలన్నీ మేమే నింపేశాం.

ఇక్కడ ఒక్క మాట, దీనికి నేరుగా సంబంధం లేకపోయినా చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ఆటలో తలకి దెబ్బ తగిలి, పిల్లాడు తికమకగా ఉన్నా, తల తిరుగుతోందన్నా, వాంతి వచ్చేలా ఉందన్నా, ఆ రోజుకి ఇక గ్రౌండ్‌లోకి పంపకండి. ఫైనల్ అయినా సరే. కోచ్ అడిగినా, పిల్లాడు బతిమాలినా సరే. డాక్టర్ చూసి సరేనన్నాకే మళ్లీ ఆట.

ఇక మావాడి సంగతి. వాడికి 9 ఏళ్లప్పుడు ఫుట్‌బాల్ టీమ్‌లో ఎక్కువగా బెంచ్ మీదే ఉండేవాడు. ఇంటికొచ్చేటప్పుడు కారులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు, ఏమీ అడిగేవాడు కాదు. మేం ఏం చేశామో మీరు ఊహించగలరు, విడిగా ఇంకో కోచింగ్ పెట్టించాం. ఆరు నెలల తర్వాత కూడా బెంచే. కొత్తగా వచ్చిన తేడా ఏమిటంటే వాడు ప్రాక్టీస్ రోజు కడుపునొప్పి అనడం మొదలుపెట్టాడు.

మావాడు పుట్టింది డిసెంబర్ చివర్లో. వాళ్ల ఏజ్ గ్రూప్ జనవరి 1తో మొదలవుతుంది. అంటే అదే టీమ్‌లో జనవరిలో పుట్టిన పిల్లాడు మావాడికంటే దాదాపు ఏడాది పెద్ద. 9 ఏళ్ల పిల్లాడికి ఒక ఏడాది అంటే బతికిన కాలంలో తొమ్మిదో వంతు. ఎత్తులో, బరువులో, పరుగులో, ఆఖరికి కోచ్ చెప్పింది ఆగి వినడంలో కూడా అది కనిపిస్తుంది. 1985లో కెనడాలో రోజర్ బార్న్‌స్లీ అనే మానసిక శాస్త్రవేత్త, ఆయన సహచరులూ ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు పరిశీలిస్తే, పైస్థాయి జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా తేలారు. ఆ తర్వాత ఫుట్‌బాల్‌లో, ఇంకా చాలా ఆటల్లో అదే కనిపించింది. పెద్దగా ఉన్న పిల్లాడు బాగా ఆడుతున్నట్టు కనిపిస్తాడు, అందుకని ఎంపిక అవుతాడు, ఎంపికైనవాడికి మంచి కోచింగూ ఎక్కువ మ్యాచ్‌లూ దొరుకుతాయి, దాంతో నిజంగానే బాగా ఆడటం మొదలుపెడతాడు. బెంచ్ మీద ఉన్నవాడు తనకి రాదనుకుని మానేస్తాడు. మేం మావాడి పుట్టినరోజుని కోచింగ్‌తో సరిచెయ్యబోయాం.

ఆ కోచింగ్ మాన్పించాం. కోచ్‌తో విడిగా కూర్చుని మాట్లాడాం, మ్యాచ్ అయిన వెంటనే కాదు, మర్నాడు ఫోన్ చేసి టైం అడిగి. వాణ్ని ఆడించండి అని అడగలేదు, వాడు ఏం నేర్చుకోవాలి, దానికి మేం ఇంట్లో ఏం చెయ్యకుండా ఉండాలి అని అడిగాం. ఆయన చాలా మర్యాదగా, గ్రౌండ్ బయటి నుంచి మీరు అరవడం ఆపండి అన్నారు. మా ఆయన అలాగే ఆపేశారు. చప్పట్లు కొడతారు, అంతే.

నార్వే గురించి మీలో కొందరు వినే ఉంటారు. అక్కడ పిల్లల ఆటలకి దేశమంతటికీ కలిపి 1987 నుంచే నియమాలున్నాయి, 2007లో వాటికి పిల్లల హక్కులు కూడా చేర్చారు. 11వ ఏడు వచ్చేదాకా పిల్లల పోటీల్లో ఫలితాల పట్టికలు, ర్యాంకులు ప్రకటించరు. 13వ ఏడు వచ్చేదాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌లు లేవు. ఎంత ఆడాలి, అసలు ఆడాలా వద్దా అన్నదాంట్లో పిల్లల మాటకి విలువ ఉంటుంది. అలా పెంచితే పిల్లలు వెనకబడిపోరా అని నాకూ అనుమానం వచ్చింది. 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో ఆ చిన్న దేశం 39 పతకాలతో అందరికంటే పైన ఉంది, 2022లో 16 స్వర్ణాలతో మళ్లీ మొదటి స్థానం. పతకాల కోసం మనం అలా చెయ్యాలని నేను అనడం లేదు. ఆలస్యంగా పోటీ పెడితే నష్టపోతామన్న మన భయానికి అంత ఆధారం లేదని మాత్రం చెప్తున్నాను.

ఇప్పుడు చిన్నదాని సంగతి. నేను ఈ రోజు ఇక్కడికి ఒప్పుకుని వచ్చిందే ఇది చెప్పడానికి.

తను పుట్టినప్పటి నుంచి గ్యాలరీల్లోనే పెరిగింది. అక్క మ్యాచ్, అన్న మ్యాచ్, మధ్యలో కారు. బొమ్మల పుస్తకం, రంగు పెన్సిళ్లు ఒక సంచిలో పెట్టుకుని ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చునేది. ఏడ్చేది కాదు, పేచీ పెట్టేది కాదు, అందరూ ఎంత బుద్ధిమంతురాలో అనేవాళ్లు, నేను పొంగిపోయేదాన్ని. ఆరేళ్లు వచ్చాక పాపం దీనికంటూ ఏదీ లేదే అనిపించి జిమ్నాస్టిక్స్‌లో చేర్పించాం. తర్వాత ఈత. తర్వాత బ్యాడ్మింటన్. మూడింటికీ నోరు మెదపకుండా వెళ్లింది. బ్యాడ్మింటన్‌లో చేరిన రెండో వారం, రాకెట్ ఒళ్లో పెట్టుకుని కారు దిగకుండా అడిగింది, "అమ్మా, నేను దీంట్లో గెలిస్తే ఒక రోజు అందరం ఇంట్లో ఉంటామా?"

నాకు నోట మాట రాలేదు. ఆ పిల్లకి ఆట అక్కర్లేదు. తన కోసం కూడా ఇంట్లో అందరూ ఒక చోటికి వచ్చి, వేరే ఎటూ చూడకుండా కూర్చునే కొన్ని గంటలు కావాలి. అక్కకీ అన్నకీ ప్రతి వారం దొరికేది అదే కదా, మ్యాచ్ పేరుతో. తను గెలిస్తే గానీ అది రాదని ఎనిమిదేళ్ల పిల్ల తనంతట తాను లెక్క కట్టుకుంది. ఆ లెక్క మేం నేర్పినదే, మాటల్లో చెప్పకపోయినా.

అప్పటి నుంచి కొన్ని తగ్గించాం. పెద్దమ్మాయికి ఏడాదికి మూడు నెలలు బాస్కెట్‌బాల్ లేదు, మొదటి ఏడాది క్లబ్‌లో చోటు పోతుందేమోనని చాలా టెన్షన్ పడింది, నేనూ పడ్డాను, కొన్ని మ్యాచ్‌లకి నిజంగానే మొదటి అయిదుగురిలో లేదు. మోకాలు మాత్రం నెమ్మదించింది. సాయంత్రాలు మళ్లీ గోడ దగ్గర బంతి చప్పుడు వినిపిస్తోంది. మావాడు ఒక సీజన్ మొత్తం సబ్‌స్టిట్యూట్‌గానే ఆడాడు, ఇప్పుడు లెఫ్ట్ బ్యాక్‌లో, అంటే ఎడమ వైపు డిఫెన్స్‌లో, ఆడుతున్నాడు, ఇంకా పొట్టిగానే ఉన్నాడు, కడుపునొప్పి లేదు. పెద్దవాళ్లిద్దరూ ఆడుతున్నారు కాబట్టి ఒకే రోజు రెండు టోర్నమెంట్లు వస్తే ఒకటి వదిలేస్తాం. వదిలేస్తున్నామని కోచ్‌కి సీజన్ మొదట్లోనే చెప్పేస్తాం, ముందు రోజు రాత్రి మెసేజ్ పెట్టం, అది మిగతా పిల్లలకి అన్యాయం. అన్ని ఇళ్లలోనూ ఇది ఇంత తేలిగ్గా జరగదని తెలుసు. ఒక్కరే పెంచుకునేవాళ్లున్నారు, శనివారం కూడా పని ఉన్నవాళ్లున్నారు, వాళ్ల పిల్లల్ని కారులో తీసుకెళ్లడానికి మనం ముందుకి రావాలి, వాళ్లు అడిగేదాకా ఆగకూడదు.

పోయిన వారం ఈ సీజన్ షెడ్యూల్ వచ్చింది. మా ఇంట్లో దాన్ని పెద్ద క్యాలెండర్ మీద రాసుకుంటాం, పెద్దదానికి ఎరుపు, వాడికి నీలం. ఇప్పుడు ఆ రెండు రంగులూ వేసేముందు క్యాలెండర్ చిన్నదాని చేతికిస్తాం. నెలకి ఒక శనివారం తనది, ఆకుపచ్చ. ఈసారి రెండో నెలలో తను రంగు వేసిన రోజే మావాడికి ఒక మ్యాచ్ పడింది. మార్చమని తనని అడగలేదు. వాడే కోచ్‌కి ఫోన్ చేశాడు, పక్క గదిలోంచి నాకు వినిపిస్తోంది. రాలేనన్నాడు, ఎందుకని ఆయన అడిగినట్టున్నారు. "ఆ రోజు మా చెల్లి మ్యాచ్ ఉంది సార్" అన్నాడు.