పరదేశంలో పాఠాలు, ఒకరింట్లో బస

శ్రోతలందరికీ నమస్కారం.

మాల్దీవుల్లో టీచరుగా చేరబోయే పిల్లలు మన తిరుపతి, చిత్తూరు నుంచి అప్పుడప్పుడు నన్ను కలవడానికి వస్తుంటారు. జీతమెంత, వీసాకు ఎన్నాళ్ళు పడుతుంది, విమానం చెన్నైలో ఎక్కాలా బెంగళూరులో ఎక్కాలా అని అడుగుతారు. అక్కడ ఎవరింట్లో ఉండాలి, ఆ ఇంట్లో ఎలా మెలగాలి అని అడిగేవాళ్ళు తక్కువ. నేను అక్కడ ఒక చిన్న దీవి బడిలో లెక్కలు చెప్పాను. చేపలు పట్టే ఒక కుటుంబంతో కలిసి వాళ్ళింట్లోనే ఉన్నాను. బడి పని ఎలాగోలా చేతికొస్తుంది. మనసు కుదురుకోవడం మాత్రం ఆ ఇంటిమీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈరోజు ఆ సంగతే మాట్లాడతాను.

మాల్దీవుల్లో దాదాపు 1,200 దీవులున్నాయి. జనం ఉండేది సుమారు 200 దీవుల్లోనే. చిన్న దీవుల్లో విడిగా ఇల్లు దొరకడం కష్టం కాబట్టి ఎవరో ఒకరి ఇంట్లో గది తీసుకోవాల్సి వస్తుంది. కొన్ని ఇళ్ళలో భోజనం కూడా వాళ్ళే పెడతారు. అద్దె ఎవరు కడతారు, భోజనం ఖర్చు ఎవరిది అన్నది బయలుదేరకముందే కాగితం మీద చూసుకోండి. తర్వాత అడగాలంటే ఇద్దరికీ ఇబ్బంది.

కొత్తచోట సర్దుకోవాల్సింది మనమే అనుకుంటాం. ఆ ఇంటివాళ్ళు కూడా మనతో సర్దుకోవాలి కదా! పొద్దున స్నానాల వరస మారుతుంది. వంట మారుతుంది. ఇంట్లో గొంతెత్తి మాట్లాడుకోవడానికి కూడా వాళ్ళు కొన్నాళ్ళు మొహమాటపడతారు. వాళ్ళ ఈ ఇబ్బందిని మనం మొదటి వారంలోనే గుర్తిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

తిండి విషయం చెబుతాను. నేను శాకాహారిని. అక్కడ చేప లేని పూట ఉండదు. ట్యూనా చేపతో కాచే గరుధియా అనే చారు రోజూ పొయ్యి మీద ఉంటుంది. అక్కడి వరి అన్నం కూడా బయటిదేశాల నుంచి ఓడలో వచ్చిన బియ్యంతో వండినదే. ఇక కూరగాయలు ఎంత అపురూపమో ఊహించండి. "నేను చేప తినను, మీరు తినడం వల్ల నాకేమీ ఇబ్బంది లేదు" అని ఆ ఇంటి అక్కకు చేరిన రోజే చెప్పాను. ఆ రెండో మాట తప్పకుండా చెప్పాలి. లేకపోతే మన ముందు తినడానికి వాళ్ళు వెనకాడతారు. ఆమె పొద్దున్నే కొబ్బరి కోరు, ఉల్లిపాయ, నిమ్మరసం, మిరపకాయ కలిపి, నాకు మాత్రం చేప బదులు ఆకుకూర తరిగి వేసి, రోషి అనే రొట్టెతో పెట్టేది. మన రాయలసీమ నాలుక్కి కూడా చెమట పట్టించే మిరపకాయ అది! సెలవు రోజున నేను కందిపప్పు, చింతపండు చారు చేసేదాన్ని. ఆ చారు వాళ్ళ పిల్లలకు బాగా నచ్చింది.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. బోర్లు ఎండిపోయిన ఎండాకాలాలు చూసినవాళ్ళం, ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టినవాళ్ళం మనం. అందుకే ఈ సంగతి మనకు తొందరగా అర్థమవుతుంది. చాలా దీవుల్లో మిద్దె మీద పడిన వాననీళ్ళను ట్యాంకుల్లో పట్టి తాగడానికి దాచుకుంటారు. బావినీళ్ళు ఉప్పగా ఉంటాయి. 2004 సునామీ తర్వాత చాలాచోట్ల అవి ఇంకా పాడయ్యాయి. 2014 డిసెంబరులో రాజధాని మాలేలో సముద్రపు నీళ్ళను మంచినీళ్ళుగా మార్చే కేంద్రంలో మంటలు వస్తే, మన దేశం విమానాల్లో, ఓడల్లో నీళ్ళు పంపించింది. అందుకని ఆ ఇంట్లో ఏ కొళాయి నీళ్ళు తాగడానికి, ఏవి బట్టలకు అని అడగకుండా చెంబు ముంచకండి. బట్టలు ఏ రోజు ఉతుక్కోవాలో కూడా అడగండి.

ఇంట్లో ఏదో ఒక పని మీదిగా తీసుకోండి. నేను ఇసుక వాకిలి ఊడ్చే పని అడిగి తీసుకున్నాను. అక్కడి ఆడవాళ్ళు తెల్లవారకముందే ఇళ్ళముందు, వీధుల్లో ఊడుస్తారు. చీపురు పట్టుకున్నాక ఇరుగుపొరుగు నన్ను పలకరించడం మొదలుపెట్టారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన చోటు మరొకటుంది. నేనున్న ఇంటి అబ్బాయి నా తరగతిలోనే చదివేవాడు. ఊరు చిన్నది, బడి ఒక్కటే. టీచరమ్మ ఎవరింట్లో ఉందో అందరికీ తెలుసు, వాడి మార్కులను అందరూ చూస్తారు. నేను జవాబు పత్రాలు ఇంటికి తెచ్చేదాన్ని కాదు. బడిలోనే కూర్చుని దిద్దేదాన్ని. అన్నం దగ్గర బడి ముచ్చట్లు వద్దని వాళ్ళమ్మకు ముందే చెప్పాను. ఆమె ఏమీ అనుకోలేదు. పైగా సంతోషించింది, ఎందుకంటే తన కొడుకు సొంత కష్టంతోనే పాసయ్యాడని ఊళ్ళో ధైర్యంగా చెప్పుకోగలిగింది. సాయంత్రాలు వాడు నాకు అక్కడి భాష రాసే తానా లిపి నేర్పేవాడు. కుడి నుంచి ఎడమకు రాసే ఆ అక్షరాల విషయంలో వాడే నాకు గురువు. ఇంట్లో వాడికి ఆ పెద్దరికం ఉండడం మంచిదే అనిపించేది.

ఇక తిరుపతివాళ్ళకు మరీ చెప్పాల్సిన మాట. మన ఇళ్ళలో పిల్లలు ఊరు కదిలితే పెట్టెలో స్వామివారి పటమో, చిన్న విగ్రహమో పెట్టకుండా పంపరు. మాల్దీవుల రాజ్యమతం ఇస్లాం. పూజ కోసం విగ్రహాలు తీసుకెళ్ళడాన్ని అక్కడి కస్టమ్స్ నిషేధించింది. విమానాశ్రయంలో బాధపడేకంటే ముందే ఇంట్లో పెద్దవాళ్ళకు నచ్చజెప్పండి. గోవింద నామాలు నోటికి వచ్చు, అవి నాతోనే వచ్చాయి. రంజాన్ నెలలో పగటిపూట వాళ్ళ ఎదుట నేను మంచినీళ్ళు కూడా తాగలేదు. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, చేప లేనివి ఏవో ఏరి నా ముందు పెట్టేవాళ్ళు.

కానుక తీసుకెళ్ళాలంటే చిత్తూరు బెల్లంతో చేసిన చెనక్కాయ ఉండలు మంచివి, చెడిపోవు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ అయితే రామాయణ బొమ్మలున్నది వద్దు, చెట్టు, పూలు, నెమళ్ళున్నది చూసి కొనండి.

ఇంకొకటి. అక్కడ సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం బడి ఉంటుంది. మన ఇంట్లోవాళ్ళేమో ఆదివారమే తీరిగ్గా ఫోన్ చేస్తారు. అక్కడి గడియారం మనకంటే అరగంట వెనక నడుస్తుంది కూడా. ఈ లెక్కంతా మీ అమ్మకు ముందే చెప్పి, శుక్రవారం సాయంత్రం వీడియో కాల్ పెట్టుకోండి. ఆ కాల్‌లో ఒకసారైనా ఆ ఇంటి ఇల్లాలిని మీ అమ్మతో మాట్లాడించండి. ఇద్దరికీ ఉమ్మడి భాష లేకపోయినా, తన బిడ్డకు అన్నం పెడుతున్న మనిషి ముఖం మీ అమ్మ చూడాలి.

సెలవు, నమస్కారం.