మొద్దుబారిన కాలికి తెలివొచ్చే వేళ

శ్రోతలకు నమస్కారం.

కబడ్డీలో కూతకెళ్లిన కుర్రాడు ఒక్కసారిగా పక్కకు తిరుగుతాడు. ఒళ్లు తిరుగుతుంది, నేలకు ఆనిన పాదం తిరగదు. మోకాల్లో ‘టప్’మని చప్పుడు. లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. 17, 18 ఏళ్ల ఆటగాళ్లలో తరచూ చూసే దెబ్బే ఇది.

చాలామందికి ఆపరేషన్లో తొడ వెనక కండరం నుంచి గట్టి పోగు తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి, కొత్త లిగమెంటుగా బిగిస్తారు. పైకి గాట్లు చిన్నవే. లోపల జరిగిన పని మాత్రం చిన్నది కాదు. మొదటి రెండు మూడు రోజులు నొప్పి గట్టిగానే ఉంటుంది.

ఆ నొప్పికే నెర్వ్ బ్లాక్. మేం, అంటే మత్తు డాక్టర్లం, అల్ట్రాసౌండ్ తెరమీద చూసుకుంటూ నరం పక్కన బుపివకైన్, రోపివకైన్ లాంటి మొద్దుబార్చే మందు వదులుతాం. నరం తెగదు, కొన్ని గంటలు నొప్పి కబురు మోయదు, అంతే. మార్ఫిన్ లాంటి మందుల అవసరం తగ్గుతుంది. వాటితో వచ్చే వాంతులూ తగ్గుతాయి.

గజ్జల దగ్గర ఫెమొరల్ నరానికి ఇస్తే తొడ ముందు కండరం కూడా పట్టు వదిలేస్తుంది. బాత్రూమ్‌కని లేచిన పిల్లాడు కూలబడతాడు. తొడ మధ్యలో, అడక్టర్ కెనాల్ దగ్గర ఇస్తే బలం చాలావరకు నిలుస్తుంది. మళ్లీ ఆడాల్సిన పిల్లలకు నేనైతే దానివైపే మొగ్గుతాను. మోకాలి వెనక నొప్పి మాత్రం దానికి అంతగా లొంగదు.

అసలు చిక్కు మొదటి రాత్రి. పిల్లాడు ఫోన్ చూస్తూ నవ్వుతుంటాడు. “నొప్పే లేదమ్మా, మాత్రలెందుకు?” అంటాడు. తల్లీ సరేనంటుంది. మందు పనిచేసేది సుమారు 12 నుంచి 24 గంటలు. తెల్లవారుజామున 3 గంటలకు అది దిగిపోతే, అంతసేపూ దాగిన నొప్పి ఒక్కపెట్టున మీదపడుతుంది. మేం రీబౌండ్ నొప్పి అంటాం. అప్పుడు మింగిన మాత్ర పనిచేసేలోపు ఇల్లంతా టెన్షన్. అందుకే డాక్టరు రాసిన మాత్రలు కాలు మొద్దుగా ఉండగానే వేళకు వేయాలి.

ఇంకో మాట. ఆ కాలికి చల్లనా వేడీ తెలియవు. ఐస్ ప్యాక్ నేరుగా పెట్టకండి. పక్కన మనిషి లేకుండా నిలబడనివ్వకండి.

ఇంటికి వచ్చేముందు, “ఈ మందు ఎప్పటికి దిగుతుందండీ?” అని మత్తు డాక్టర్ని అడగండి. మాత్ర ఏ వేళకు వేయాలో కూడా అడిగి, ఫోన్లో అలారం పెట్టుకోండి. పిల్లాడి ఫోన్లో కాదు, మీ ఫోన్లో.