గుటక మళ్ళీ నేర్పాలి

నమస్కారం. ఒక్కసారి గొంతు మీద వేళ్ళు పెట్టుకుని గుటక వేయండి. గొంతు ముడి పైకి లేచి దిగింది కదా? ఆ సెకనులోనే ఊపిరి ఆగింది, శ్వాసనాళం దారి మూసుకుంది, అన్నవాహిక తెరుచుకుంది. వయసు మీదపడేకొద్దీ ఈ వరస మందగిస్తుంది. పక్షవాతం, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వస్తే తప్పిపోతుంది. అప్పుడు తిన్నదీ తాగిందీ, నోటి క్రిములతో నిండిన లాలాజలమూ ఊపిరితిత్తుల్లోకి జారతాయి. ఆస్పిరేషన్ న్యుమోనియా అనే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ అలా మొదలవుతుంది.

పొలమారితే దగ్గు వస్తుందిగా అంటారు. అందరికీ రాదు. చప్పుడు లేకుండానే తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారిపోయేవాళ్ళు చాలామంది. అందుకే "దగ్గడం లేదండీ, బాగానే తింటున్నారు" అని ఇంట్లోవాళ్ళు చెప్పినా, మింగుతుండగా తీసే ఎక్స్‌రేతోనో ముక్కులోంచి పంపే సన్నటి కెమెరాతోనో చూడందే నేను ఒప్పుకోను.

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. న్యుమోనియా అనగానే నోటికి ఏమీ ఇవ్వకుండా ఆపేస్తారు. కొన్నిరోజులు అది అవసరమే కావచ్చు. ఆ తర్వాత మళ్ళీ పరీక్షించేవాళ్ళే ఉండరు! మంచంపట్టిన మనిషి కాళ్ళలాగే, పనిలేని గొంతు కండరాలూ కరిగిపోతాయి. ఆహారం పంపే ట్యూబ్ వేశాం, ఇక భయంలేదనుకోకండి. లాలాజలాన్నీ, కడుపులోంచి ఎగదన్నేదాన్నీ ట్యూబ్ ఆపలేదు.

ఏమీ తినని నోటిని కూడా రోజూ శుభ్రం చేయాలి. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో 2 ఏళ్ళపాటు జరిపిన అధ్యయనంలో, నోటి శుభ్రత పాటించినవారిలో 11 శాతం మందికి న్యుమోనియా వస్తే, మిగతావారిలో 19 శాతం మందికి వచ్చింది. బ్రష్, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఇక గొంతు కండరాలకు వ్యాయామం. వెల్లకిలా పడుకుని, భుజాలు లేపకుండా తల మాత్రం ఎత్తి కాలివేళ్ళు చూడాలి. నిమిషంసేపు నిలపడం 3 సార్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి, ఆపైన వరసగా 30 సార్లు ఎత్తి దించడం. రోజుకు 3 పూటలు, 6 వారాలు. మెడ జబ్బులున్నవాళ్ళు చేయకూడదు. నిజానికి బాగా నీరసించినవాళ్ళకు ఇది కష్టం. వాళ్ళను కూర్చోబెట్టి, గడ్డం కింద మెత్తటి బంతి పెట్టి నొక్కమంటాం.

గడ్డం దించి మింగడం కొందరిని కాపాడుతుంది, అందరినీ కాదు. నీళ్ళు చిక్కగా చేసి ఇస్తే లోపలికి జారడం తగ్గవచ్చు. కానీ ఆ రుచి నచ్చక తాగడమే మానేస్తే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. కాబట్టి ఏం తాగగలరో, ఏం తాగాలని ఉందో పెద్దాయన్నే అడగండి. ఆయన పక్కనుండగా ఆయన గురించి మనలో మనం తేల్చేసుకోవద్దు.