పిల్లల సంస్థకు ఇన్సూరెన్స్: మినహాయింపుల పేజీలో ఏముంది?

నమస్కారం. స్పోర్ట్స్ అకాడమీ, డాన్స్ క్లాసు, ట్యూషన్ సెంటర్, డే కేర్, సమ్మర్ క్యాంపు, హాస్టల్, అనాథాశ్రమం... పిల్లలు, టీనేజర్లు వచ్చిపోయే సంస్థ ఏదైనా సరే, మీరు నడుపుతున్నా, ట్రస్టీగా సంతకాలు పెడుతున్నా ఈ వీడియో మీకే. మీ పాలసీ కాగితాలు పక్కన పెట్టుకుని చూస్తే ఇంకా మంచిది.

"మాకు ఇన్సూరెన్స్ ఉందండీ" అనే సంస్థల దగ్గర చాలాసార్లు ఉండేది జనరల్ లయబిలిటీ పాలసీ. కొన్ని దేశాల్లో దీన్నే పబ్లిక్ లయబిలిటీ అంటారు. మీ నిర్లక్ష్యం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలి, వాళ్లు కోర్టుకెక్కితే, లాయరు ఫీజులూ నష్టపరిహారమూ లిమిట్ (పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) మేరకు ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. మెట్ల రెయిలింగ్ ఊగుతోందని రెండు వారాలుగా అందరికీ తెలుసు, ఎవరూ బాగు చేయించలేదు, ఓ పిల్లాడు పడ్డాడు. ఇలాంటి కేసుకు ఆ పాలసీ పనికొస్తుంది.

కానీ పిల్లల సంస్థను మూసివేత దాకా తీసుకెళ్లే క్లెయిమ్ వేరే ఉంది. సిబ్బందిలోనో వాలంటీర్లలోనో ఒకరు పిల్లల మీద అఘాయిత్యం చేశారన్న ఆరోపణ. పాలసీ వెనక పేజీల్లో, ఎండార్స్‌మెంట్ల (పాలసీకి జతచేసే సవరణ కాగితాల) గుత్తిలో, "అబ్యూజ్ ఆర్ మోలెస్టేషన్ ఎక్స్‌క్లూజన్" అన్న శీర్షిక ఉందేమో వెతకండి. అలాంటి క్లాజుల సారాంశం తెర మీద పెడుతున్నాం: "ఇన్సూర్డ్ (పాలసీ తీసుకున్న సంస్థ) సంరక్షణలో ఉన్న వ్యక్తిపై ఎవరు వేధింపు జరిపినా, లేదా అలా చేసినవారిని నియమించడంలో, వారి గతం విచారించడంలో, పర్యవేక్షించడంలో, అధికారులకు తెలియజేయడంలో నిర్లక్ష్యం జరిగినా, ఆ క్లెయిమ్‌కు ఈ పాలసీ వర్తించదు."

మొదటి సగం చదివి "నేరం చేసినవాడికి ఇన్సూరెన్స్ ఎందుకిస్తారు, న్యాయమేగా" అనుకుంటాం. దెబ్బంతా రెండో సగంలో ఉంది. సంస్థ మీద వేసే దావాలో "మీరు వేధించారు" అని ఉండదు. "గతం విచారించకుండా చేర్చుకున్నారు, ఒంటరిగా వదిలేశారు, ఫిర్యాదు వస్తే తొక్కిపెట్టారు" అని ఉంటుంది. ఆ మూడింటినీ ఈ ఒక్క వాక్యం తుడిచేస్తుంది. లాయరు ఖర్చు కూడా రాదు. ఆరోపణ అబద్ధమని చివరికి తేలినా సరే, అప్పటిదాకా ఫీజులు మీ జేబులోంచే.

దీనికి అబ్యూజ్ లయబిలిటీ అని విడిగా ఒక కవర్ ఉంటుంది. విడి పాలసీగానైనా ఇస్తారు, పాత పాలసీకి ఎండార్స్‌మెంట్‌గానైనా తగిలిస్తారు. మా సలహా సూటిగా చెప్పేస్తాం: డబ్బు తక్కువగా ఉంటే ఫర్నిచర్, కంప్యూటర్ల కవర్ తగ్గించుకోండి, ఇది మాత్రం కొనండి. కొనేటప్పుడు చూడాల్సినవి మాత్రం కొంచెం లోతుగా ఉన్నాయి.

మొదట, ఎవరు చేస్తే కవర్ అవుతుంది? కొన్ని పాలసీల్లో "ఉద్యోగి లేదా వాలంటీర్ చేసిన చర్య" అని రాసి ఉంటుంది. మరి పదహారేళ్ల అబ్బాయి ఎనిమిదేళ్ల పిల్లాడి మీద చేస్తే? ఆ అబ్బాయి ఉద్యోగి కాదు, వాలంటీర్ కాదు, మీ దగ్గర చేరిన ఇంకో విద్యార్థి. హాస్టళ్లు, క్యాంపుల్లో ఇది ఊహించి చెప్పే ప్రమాదం కాదు. పిల్లలు పిల్లల మీద చేసినదీ, పనులు చూసుకునే కాంట్రాక్టు మనుషులు చేసినదీ కవర్‌లో ఉందా అని బ్రోకర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఫోన్ మెసేజీల ద్వారా, ఆన్‌లైన్‌లో జరిగినదాన్ని వేధింపు నిర్వచనంలో చేర్చారా అని కూడా. నేరం చేసిన వ్యక్తికి మాత్రం ఏ పాలసీ అండగా నిలబడదు. కొన్ని పాలసీలు నేరం తేలేదాకా లాయరు ఖర్చు ఇస్తాయి, అంతే.

తర్వాత లిమిట్. ఇక్కడ లెక్క వేసి చూపిస్తాం. మీ అబ్యూజ్ లిమిట్ 100 అనుకుందాం, ఏ దేశపు డబ్బైనా ఫర్వాలేదు. లాయరు ఖర్చు లిమిట్ లోపలే అని పాలసీలో ఉంది. ఒక కోచ్ మీద ఐదుగురు పిల్లల తరఫున కేసులు పడ్డాయి. లాయర్లకు 30 పోయింది. మిగిలింది 70, ఒక్కొక్కరికి 14. ఆ పైన కోర్టు వేసిందంతా సంస్థ ఆస్తుల్లోంచి కట్టాల్సిందే. లాయరు ఖర్చు లిమిట్‌కు బయట ఉంటే ఐదుగురికి 100 పూర్తిగా ఉండేది. ప్రీమియం కొంచెం ఎక్కువైనా బయట ఉండే పాలసీనే అడగండి.

ఇందులోనే ఇంకో మెలిక. ఆ కోచ్ నాలుగేళ్లు పనిచేశాడు. ఏడాదికి 100 చొప్పున నాలుగేళ్లకు 400 ఉందిగా అనుకుంటారు. చాలా పాలసీల్లో "ఒకే వ్యక్తి చేసిన చర్యలన్నీ, బాధితులు ఎందరైనా, ఎన్నేళ్లు సాగినా, ఒకే సంఘటన, మొదటి చర్య జరిగిన ఏడాదిలోనే జరిగినట్టు లెక్క" అని ఉంటుంది. అంటే 400 కాదు, 100. ఆ మొదటి ఏడాదికి లిమిట్ 25 మాత్రమే తీసుకుని ఉంటే, 25.

ఇక అన్నిటికన్నా తికమక పెట్టేది, ఏ ఏడాది పాలసీ పలుకుతుంది అన్నది. అకరెన్స్ పాలసీ అయితే సంఘటన జరిగిన రోజున అమల్లో ఉన్న పాలసీ డబ్బు ఇస్తుంది, క్లెయిమ్ ఎప్పుడొచ్చినా. క్లెయిమ్స్ మేడ్ పాలసీ అయితే క్లెయిమ్ వచ్చి, కంపెనీకి తెలియజేసిన రోజున అమల్లో ఉన్నదే ఇస్తుంది. అది కూడా ఆ సంఘటన "రెట్రోయాక్టివ్ తేదీ" (పాలసీ ఎంత వెనక్కి వర్తిస్తుందో చెప్పే తేదీ) తర్వాత జరిగి ఉంటేనే.

పిల్లల విషయంలో ఈ తేడా ఎందుకంత ముఖ్యం? తొమ్మిదేళ్లప్పుడు జరిగినదాన్ని ఇరవై నాలుగేళ్లకు బయటపెట్టేవాళ్లు ఉంటారు. చాలా దేశాల చట్టాల్లో మైనర్ దావాకు కాలపరిమితి మేజరయ్యాకే లెక్క మొదలవుతుంది. కొన్ని చోట్ల గడువు దాటిన కేసులకూ తలుపులు తెరిచారు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2019 ఆగస్టు నుంచి 2021 ఆగస్టు దాకా, కాలిఫోర్నియా 2020 నుంచి 2022 చివరిదాకా పాత కేసులు వేసుకోనిచ్చాయి. బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా అనే పిల్లల సంస్థ లైంగిక వేధింపుల దావాల ఒత్తిడితో 2020 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. ఆ ప్రక్రియలో 82,000కు పైగా క్లెయిములు వచ్చాయి. 240 కోట్ల డాలర్లకు పైబడిన పరిష్కార నిధిలో పెద్ద భాగం ఇన్సూరెన్స్ కంపెనీల నుంచే వచ్చింది. దశాబ్దాల కిందట తీసుకున్న పాలసీలే అప్పుడు అక్కరకొచ్చాయి.

అందుకే గడువు ముగిసిన పాలసీని చిత్తుకాగితాల్లో వేయకండి. షెడ్యూలు పేజీ, ఎండార్స్‌మెంట్లు సహా స్కాన్ చేసి శాశ్వతంగా ఉంచండి. ఆ ఏడాది హాజరు పట్టిక, సిబ్బంది డ్యూటీ చార్టు కూడా పక్కనే. పాలసీ కాపీ దొరక్కపోతే ప్రీమియం రసీదు, ఆడిట్ పుస్తకంలో ఎంట్రీ, హాలు యజమానికి అప్పట్లో ఇచ్చిన ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ లాంటివి వెతకండి. పాలసీ ఉండేదని చూపడానికి అవి కూడా పనికొస్తాయి.

క్లెయిమ్స్ మేడ్ పాలసీ ఉన్నవాళ్లకు ప్రమాదం కంపెనీ మారేటప్పుడు. కొత్త కంపెనీ తక్కువ ప్రీమియం చెప్పింది కదా అని మారతారు. వాళ్లు రెట్రోయాక్టివ్ తేదీని ఈ రోజుకు పెడతారు. ఒక్క సంతకంతో వెనకటి పదేళ్లు ఖాళీ. పాత తేదీనే కొనసాగిస్తామని రాసిస్తేనే మారండి, లేదా పాత కంపెనీ దగ్గర రిపోర్టింగ్ గడువు పొడిగింపు (పాలసీ ముగిశాక వచ్చే క్లెయిములు కూడా తెలియజేసే వీలు) కొనండి, దీన్నే టెయిల్ అంటారు. టెయిల్ కొనడానికి ఇచ్చే సమయం చాలా తక్కువ, పాలసీ ముగిశాక కొన్ని వారాలే ఉండొచ్చు. ఆ తేదీ ముందే చూసి పెట్టుకోండి.

పిల్లలకు ఆటల్లో తగిలే మామూలు దెబ్బల సంగతి వేరే. దానికి పార్టిసిపెంట్ యాక్సిడెంట్ పాలసీ, అంటే గ్రూప్ ప్రమాద బీమా. తప్పెవరిదని అడగదు, ఆసుపత్రి బిల్లు చూపిస్తే లిమిట్ మేరకు ఇస్తుంది. బిల్లు వెంటనే కట్టేస్తే తల్లిదండ్రులు కోర్టు దాకా వెళ్లే అవకాశం తగ్గుతుంది కాబట్టి లయబిలిటీ పాలసీకి కూడా ఇది కాపలా. కుటుంబ ఆరోగ్య బీమా కట్టాక మిగిలినదే ఇస్తుందా, మొదటి బిల్లు నుంచే ఇస్తుందా అన్నది చూసుకోండి. స్పోర్ట్స్ అకాడమీలు ఇంకొకటి కూడా చూడాలి: జనరల్ లయబిలిటీలో "ఆటలో పాల్గొనేవారికి తగిలిన దెబ్బలకు వర్తించదు" అని ఉంటే, ప్రేక్షకుడికి బంతి తగిలితే కవర్, ఆడే పిల్లకు తగిలితే లేదు. అకాడమీ తీసుకున్న పాలసీలో ఈ వాక్యం ఉందంటే ఆ పాలసీ ఎవరికోసం తీసుకున్నట్టు?

తల్లిదండ్రుల చేత సంతకం చేయించే "మాది బాధ్యత కాదు" కాగితం ఉంది కదా అంటారు. సంతకం చేయించండి, ప్రమాదాల గురించి ముందే చెప్పారని రుజువవుతుంది. కానీ పిల్లల సొంత హక్కును తల్లిదండ్రుల సంతకం రద్దు చేయదని చాలా చోట్ల కోర్టులు అంటాయి. ఇన్సూరెన్స్ బదులు ఆ కాగితాన్ని నమ్ముకోలేం.

వాహనాలు. సంస్థకు బండి లేదు, వాలంటీర్ తన కారులో పిల్లల్ని పోటీకి తీసుకెళ్లాడు, ప్రమాదమైంది. ముందు పలకాల్సింది ఆ కారు ఇన్సూరెన్స్. అది చాలకపోతే బాధితుల చూపు సంస్థ మీద పడుతుంది, మీ జనరల్ లయబిలిటీలో వాహన ప్రమాదాలు మినహాయింపు. అద్దె వాహనాలకు, సంస్థవి కాని వాహనాలకు విడిగా కవర్ దొరుకుతుంది, అది తీసుకోవాలి. పెట్రోలుకని తల్లిదండ్రుల దగ్గర మనిషికింత వసూలు చేస్తే ఆ కారు ఇన్సూరెన్స్ కంపెనీ "సొంత వాడకం కాదు, కిరాయికి తిప్పారు" అని పేచీ పెట్టొచ్చు. ఈ చిల్లర వసూలు మానేయడమే మేలు.

గాలి నింపే బొమ్మల కోటలు, ట్రాంపోలిన్, ఈత, గోడ ఎక్కడం, రాత్రి బస, విదేశీ యాత్ర... ఇవి చాలా పాలసీల్లో పేరు పెట్టి మినహాయించినవే. వార్షికోత్సవం రోజు ఎవరో ఉత్సాహంగా బొమ్మల కోట అద్దెకు తెస్తారు. అందుకే ఏడాది మొత్తం కార్యక్రమాల జాబితా రాసి కంపెనీకి ఇవ్వండి, మధ్యలో కొత్తది చేరితే ఆ వారంలోనే తెలపండి. అద్దెకిచ్చేవాడి పాలసీలో మీ సంస్థను అదనపు ఇన్సూర్డ్‌గా (ఆ పాలసీ మీకు కూడా వర్తించేలా) చేర్చమనండి. వాడు ఇచ్చే సర్టిఫికెట్ ఆ రోజుకు పాలసీ ఉందని చెప్పే సమాచారం మాత్రమే. మీ పేరున్న ఎండార్స్‌మెంట్ కాపీ చేతికొస్తేనే మీకు కవర్.

కౌన్సెలర్లు, స్పీచ్ థెరపిస్టులు ఉంటే వృత్తిలో జరిగే పొరపాట్లకు ప్రొఫెషనల్ లయబిలిటీ. ట్రస్టీల నిర్ణయాల మీద వచ్చే దావాలకు డైరెక్టర్స్ అండ్ ఆఫీసర్స్ పాలసీ. ఆరోపణ వచ్చిన ఉద్యోగిని తీసేస్తే అతను తిరిగి వేసే కేసుకు ఉద్యోగ సంబంధ లయబిలిటీ. విరాళాల నగదు చేతులు మారే చోట ఫిడెలిటీ (సిబ్బంది డబ్బు కాజేస్తే ఇచ్చే పాలసీ), పిల్లల ఫొటోలు, మెడికల్ వివరాలు కంప్యూటర్లో ఉంటే సైబర్ (ఆ సమాచారం చోరీ అయితే ఇచ్చే పాలసీ). వీటిలో మీ సంస్థకు ఏవి అవసరమో బ్రోకర్‌తో ఒక గంట కూర్చుంటే తేలిపోతుంది. వాలంటీర్లు మాత్రం అన్నిట్లోనూ చూడండి: "ఇన్సూర్డ్ అంటే ఎవరు" అన్న పేరాలో వాళ్ల మాట లేకపోతే, దావా వాలంటీర్ పేరు మీద పడినప్పుడు పాలసీ అతన్ని కాయదు.

ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం నింపే దరఖాస్తు, గురించి గట్టిగా చెప్పాలి. "చేర్చుకునే ముందు అందరి గతం విచారిస్తారా? ఒక పిల్లతో ఒక పెద్ద మనిషి ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఉందా? ఏటా శిక్షణ ఇస్తారా?" ప్రీమియం తగ్గుతుందని అన్నిటికీ అవునని టిక్కు పెట్టేస్తారు. క్లెయిమ్ రోజున కంపెనీ ఆ రికార్డులు అడుగుతుంది. ఇరవై మందిలో ముగ్గురి విచారణ పత్రాలు లేవు, ఆరోపణ వచ్చింది ఆ ముగ్గురిలో ఒకరి మీదే అనుకోండి. తప్పుడు సమాచారం ఇచ్చారని పాలసీనే రద్దు చేయొచ్చు. "17 మందివి పూర్తయ్యాయి, మిగతావి ఫలానా తేదీకి" అని రాయడం ఎంతో నయం.

ఆరోపణ వచ్చిన రోజు ఏం చేయాలి? పిల్ల భద్రత, ఆ వెంటనే పోలీసులకో బాలల రక్షణ అధికారులకో చట్టం చెప్పినట్టు సమాచారం. "కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోరాదు" అన్న పాలసీ షరతు దీనికి అడ్డం రాదు. ఫిర్యాదు చేయడమంటే తప్పు ఒప్పుకోవడం కాదు. ఆరోపణ ఉన్న వ్యక్తిని పిల్లలకు దూరంగా ఉంచండి. సీసీ కెమెరా రికార్డింగు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి ఆ రోజే కాపీ తీయించండి. తల్లిదండ్రులకు డబ్బు మాట ఇవ్వకండి. "ముందు మనలో మనం విచారిద్దాం, ఏముందో తేలాక కంపెనీకి చెబుదాం" అని నెల రోజులు కూర్చునే కమిటీలే క్లెయిములు పోగొట్టేది.

దావా ఇంకా పడకపోయినా, క్లెయిమ్స్ మేడ్ పాలసీ అయితే "క్లెయిముకు దారితీయగల పరిస్థితి" అని నోటీసు పంపొచ్చు. అలా పంపితే, దావా మూడేళ్ల తర్వాత వచ్చినా, సాధారణంగా ఈ ఏడాది పాలసీలోకే వస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మీద ఆరోపణ, మీకు ఎలా తెలిసింది అన్నవి రాయాలి, లేకపోతే నోటీసు చాలదంటారు. ఏజెంటుకు ఫోన్ చేసి చెప్పడం నోటీసు కాదు. పాలసీలో నోటీసులకని ఇచ్చిన చిరునామాకు, ఈమెయిల్‌కు పంపండి, బ్రోకర్‌కు కాపీ పెట్టండి, రెండు రోజుల్లో క్లెయిమ్ నంబర్ రాకపోతే మళ్లీ పంపండి.