ఫోన్‌కి ఒక్కసారి చెప్పి వదిలేయండి: రోజువారీ రొటీన్లు పెట్టుకునే తీరు

నమస్కారం అండీ. పడుకునే ముందు ఫోన్‌లో ఏమేం నొక్కుతారో ఒకసారి గుర్తుచేసుకోండి. సైలెంట్‌లో పెడతారు. బ్రైట్‌నెస్ తగ్గిస్తారు. పొద్దున లేచాక అవన్నీ మళ్లీ మామూలుగా మారుస్తారు. సైలెంట్ తీయడం మర్చిపోయారా, మధ్యాహ్నం దాకా ఎవరు ఫోన్ చేసినా వినబడదు. రోజూ అవే బటన్లు, అదే వరస. ఈ పనంతా ఫోన్ తనంతట తానే చేసుకోగలదు. అలా చేసుకునేలా మనం పెట్టే ఏర్పాటునే రొటీన్ అనీ, ఆటోమేషన్ అనీ అంటారు. కోడింగ్ రానక్కర్లేదు. చాలామందికి కొత్త యాప్ వేసుకునే అవసరం కూడా లేదు.

దేంతో చేయాలో ముందు చూద్దాం. ఐఫోన్ అయితే షార్ట్‌కట్స్ యాప్. వర్క్‌ఫ్లో అనే యాప్‌ని ఆపిల్ 2017లో కొనేసి, మరుసటి ఏడాది ఐఫోన్ సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్ 12తో పాటు ఈ పేరుతో తెచ్చింది. మనకి కావాల్సిన ఆటోమేషన్ ట్యాబ్ 2019లో ఐఓఎస్ 13.1తో వచ్చింది. శాంసంగ్ వాళ్లకి సెట్టింగ్స్‌లోనే మోడ్స్ అండ్ రొటీన్స్ అని ఉంటుంది. ఎస్10 ఫోన్లలో బిక్స్‌బీ రొటీన్స్ పేరుతో మొదలైంది ఇదే. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లకి మాక్రోడ్రాయిడ్ అనే యాప్‌తో మొదలుపెట్టమంటాను. అందులో రొటీన్‌ని మాక్రో అంటారు. ఉచిత వెర్షన్‌లో 5 మాక్రోలు పెట్టుకోవచ్చు, మొదట్లో అంతకు మించి అవసరం పడదు. టాస్కర్ అనే ఇంకో యాప్ ఇంకా చాలా చేస్తుంది కానీ దాన్ని నేర్చుకోవడమే ఒక పని. మొదటి రోజే దాని జోలికి వెళ్లకండి.

అన్నిట్లోనూ పద్ధతి ఒక్కటే. ఇది జరిగితే, ఇది చెయ్. మొదటి సగాన్ని ట్రిగ్గర్ అంటారు, రెండో సగం యాక్షన్. అందరూ యాక్షన్ల లిస్టు చూసి మురిసిపోతారు. రొటీన్ నిలబడుతుందా, రెండు రోజుల్లో చిరాకు పుట్టి తీసేస్తారా అనేది మాత్రం ట్రిగ్గర్ మీదే ఉంటుంది. ఈ వీడియోలో ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

చాలామంది మొదట గడియారాన్ని పట్టుకుంటారు. రాత్రి పది కాగానే డు నాట్ డిస్టర్బ్, అంటే కాల్స్, నోటిఫికేషన్ల చప్పుడు ఆపే మోడ్, ఆన్ అవ్వాలి అని పెడతారు. మరి మనం రోజూ పదికే పడుకుంటామా? ఒక రోజు పదకొండున్నర అవుతుంది. ఇంకో రోజు పదింటికి ముఖ్యమైన కాల్ కోసం ఎదురుచూస్తూ ఉంటాం, ఫోన్ సరిగ్గా అప్పుడే నోరు మూసుకుంటుంది. అందుకే ట్రిగ్గర్‌గా మీ చేత్తో మీరు చేసే పనిని పెట్టండి. పడుకునే ముందు ఛార్జర్ పెడతారా? అదే ట్రిగ్గర్. బండిలో కూర్చోగానే బ్లూటూత్ కనెక్ట్ అవుతుందా? అది ఇంకో ట్రిగ్గర్. ఇంటికి చేరినట్టు తెలియాలంటే లొకేషన్ కన్నా ఇంటి వైఫై మేలు. లొకేషన్ ఒక్కోసారి ఇంకా వీధిలో ఉండగానే చేరిపోయారంటుంది, ఒక్కోసారి ఇంట్లో కూర్చున్నాక కూడా గుర్తుపట్టదు. వైఫై కలిసిందంటే మీరు వచ్చినట్టే.

ఇప్పుడు ఆ ఛార్జర్ రొటీన్‌నే కట్టి చూద్దాం. శాంసంగ్‌లో కొత్త రొటీన్ తెరవండి. 'ఇఫ్' కింద ఛార్జింగ్ స్టేటస్ ఎంచుకోండి. అక్కడే ఇంకో షరతు కలపండి: టైమ్ పీరియడ్, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా. రెండూ కలిస్తేనే నడుస్తుంది కాబట్టి పగలు ఛార్జింగ్ పెట్టినా ఏమీ జరగదు. 'దెన్' కింద డు నాట్ డిస్టర్బ్, బ్రైట్‌నెస్, స్క్రీన్ నీలి వెలుతురు తగ్గించే ఐ కంఫర్ట్ షీల్డ్. సేవ్ చేయండి, అంతే.

ఐఫోన్‌లో షార్ట్‌కట్స్ తెరిచి, ఆటోమేషన్, ప్లస్ గుర్తు, ఛార్జర్, ఈజ్ కనెక్టెడ్. కింద 'రన్ ఇమీడియట్లీ' ఎంచుకోవడం మర్చిపోకండి. 'రన్ ఆఫ్టర్ కన్ఫర్మేషన్' వదిలేస్తే ప్రతిసారీ నడపమంటారా అని అడుగుతుంది, అప్పుడిక ఆటోమేషన్ పెట్టి లాభమేముంది? తర్వాత సెట్ ఫోకస్ యాక్షన్ కలపండి. డు నాట్ డిస్టర్బ్ లాంటి మోడ్‌లని ఐఫోన్‌లో ఫోకస్ అంటారు. అందులో ఎప్పటిదాకా అని అడిగే చోట మొదట 'టర్న్‌డ్ ఆఫ్' అని ఉంటుంది. దాని మీద నొక్కి టైమ్‌కి మార్చి, మీరు లేచే టైమ్ ఇవ్వండి. పగటి ఛార్జింగ్‌కి నడవకుండా ఉండాలంటే మధ్యలో ఒక ఇఫ్ పెట్టి గంట ఎంతయిందో చూపించాలి. దానికి కొంచెం చేయి తిరగాలి, అది వేరే వీడియోలో చేద్దాం. పగలు ఛార్జింగ్ పెట్టే అలవాటు లేనివాళ్లకి దాని అవసరమే రాదు.

ఆ 'ఎప్పటిదాకా' దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే. శాంసంగ్ రొటీన్‌లో షరతు తీరిపోగానే మార్చిన సెట్టింగ్‌లు వాటంతట అవే పాత స్థితికి వచ్చేస్తాయి. ఐఫోన్ షార్ట్‌కట్స్‌లో అలా రావు. ఆన్ చేయమన్నారు, చేసింది, దాని పని అయిపోయింది. ఫోకస్‌కి ఇచ్చినట్టు టైమ్ ఇవ్వకపోతే, ఆఫ్ చేయడానికి మీరు ఇంకో ఆటోమేషన్ రాయాలి. మాక్రోడ్రాయిడ్‌లో కూడా వెనక్కి తిప్పే మాక్రో విడిగా పెట్టుకోవడమే నయం. రొటీన్ రాసేటప్పుడు ఇది ఎలా ముగుస్తుంది అన్నది ముందే తేల్చుకోండి. ఐఫోన్‌లో పొద్దుటి పనులకి మంచి ట్రిగ్గర్ ఒకటుంది: అలారం ఆపినప్పుడు. మీరు ఏ టైమ్‌కి లేచినా సరే, అలారం ఆపగానే బ్రైట్‌నెస్ పెరిగి ఫోకస్ తీసేస్తుంది.

ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. రాత్రిపూట ఫోన్ మూగబోతే ఇంట్లో పెద్దవాళ్లకి ఏదైనా అయినప్పుడు కాల్ అందకపోతే ఎలా? డు నాట్ డిస్టర్బ్‌లో కొందరి కాల్స్‌ని అనుమతించవచ్చు, ఆ పేర్లు ఇవాళే పెట్టేయండి. రిపీటెడ్ కాల్స్ కూడా ఆన్ చేయండి. అప్పుడు ఐఫోన్‌లో అదే మనిషి 3 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే రింగ్ అవుతుంది. ఈ రెండూ సరిచూసుకోకుండా రాత్రి రొటీన్ మొదలుపెట్టొద్దు.

చిన్న రొటీన్ ఒకటి, నాకు బాగా నచ్చినది. వీడియో యాప్ తెరిస్తే స్క్రీన్ తిరగాలి, మూసేస్తే మళ్లీ లాక్ అవ్వాలి. ట్రిగ్గర్ యాప్ ఓపెన్, యాక్షన్ ఆటో రొటేట్. శాంసంగ్‌లో ఒక్క రొటీన్ చాలు. ఐఫోన్‌లో తెరిచినప్పుడు ఒకటి, మూసినప్పుడు ఒకటి, సెట్ ఓరియంటేషన్ లాక్‌తో. దీంతో మొదలుపెడితే ఇదంతా ఎలా పనిచేస్తుందో కళ్లముందే కనబడుతుంది.

ఇక యాప్‌లు సర్దుకోవడం. బ్యాంకింగ్ ఒక ఫోల్డర్, సోషల్ ఒక ఫోల్డర్ అని రకాల వారీగా సర్దడం వల్ల నాకైతే పెద్ద ఉపయోగం కనిపించదు. పేరు తెలిసిన యాప్‌ని సెర్చ్‌లో రెండక్షరాలు కొడితే దొరుకుతుంది. వేళ ప్రకారం సర్దండి. ఐఫోన్‌లో ఒక పేజీ నిండా పనివేళ వాడేవి, ఇంకో పేజీలో సాయంత్రానివి పెట్టుకుని, సెట్టింగ్స్‌లో ఫోకస్‌లోకి వెళ్లి ఏ ఫోకస్‌కి ఏ పేజీ కనబడాలో చెప్పండి. వర్క్ ఫోకస్ ఆన్ అయితే రీల్స్ ఉన్న పేజీ కంటికే కనబడదు. ఐఓఎస్ 15 నుంచి ఇది ఉంది, అయినా చాలామంది తెరిచి చూడలేదు. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ లోపల ఫోకస్ మోడ్ ఉంటుంది. మీరు ఎంచుకున్న యాప్‌ల ఐకాన్లు బూడిదరంగులోకి మారిపోతాయి, నోటిఫికేషన్లు ఆగిపోతాయి. దానికి టైమ్ కూడా పెట్టుకోవచ్చు. ఆఫీసు వేళలు స్థిరంగా ఉన్నవాళ్లకి ఇక్కడ మాత్రం గడియారమే సరైన ట్రిగ్గర్.

పెట్టిన రొటీన్ నడవకపోతే? మాక్రోడ్రాయిడ్ లాంటి యాప్‌ల విషయంలో మొదట అనుమానించాల్సింది బ్యాటరీ సేవర్‌ని. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి, బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ ఎంచుకోండి. వైఫై ఆన్ ఆఫ్ కావట్లేదంటే అది మీ తప్పు కాదు. కొత్తగా తయారయ్యే బయటి యాప్‌లు వైఫైని నేరుగా మార్చకుండా ఆండ్రాయిడ్ 10 నుంచి గూగుల్ అడ్డుకట్ట వేసింది. ఫోన్‌తో పాటు వచ్చిన రొటీన్‌లకి ఈ ఇబ్బంది లేదు. అందుకే అవి ఉన్నవాళ్లు ముందు వాటినే వాడమంటున్నాను. ఐఫోన్‌లో అయితే 'నోటిఫై వెన్ రన్' అని ఒక బటన్ ఉంటుంది. మొదటి వారం దాన్ని ఆన్‌లో ఉంచండి, ఎప్పుడు నడిచిందో తెలుస్తుంది. నమ్మకం కుదిరాక తీసేయండి.

చివరిగా పర్మిషన్ల సంగతి. నోటిఫికేషన్ యాక్సెస్ ఇచ్చారంటే చాలా ఫోన్లలో ఆ యాప్ మీ ఓటీపీలు కూడా చదవగలదు. యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే స్క్రీన్ మీద ఉన్నది చూడగలదు, మీ బదులు నొక్కగలదు కూడా. అవి నిజంగా కావాల్సిన రొటీన్లు ఉన్నాయి, కానీ ఈరోజు చెప్పిన వాటిలో ఎక్కువ వాటికి ఆ రెండూ అక్కర్లేదు. ఎవరో లింక్ పంపారని ప్లే స్టోర్ బయట నుంచి ఆటోమేషన్ యాప్ వేసుకోకండి. ఆండ్రాయిడ్ 13 నుంచి అలా వచ్చిన యాప్‌కి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ఫోనే అడ్డుపడి, రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్ అని చూపిస్తుంది. ఆ మాట కనబడితే దాన్ని ఎలా దాటాలో వెతక్కండి, ఆ యాప్‌ని తీసేయండి.